పిలుపు రాకముందే పేరు రాయించుకోండి

పెద్ద ప్రమాదాల వేళ స్వచ్ఛందంగా సాయపడాలనుకునే డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు, టెక్నీషియన్లకు కొన్ని సూచనలు

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురాన్ని స్టైరీన్ ఆవిరి కమ్మేసింది. తెల్లారేసరికి వందల మంది కింగ్ జార్జ్ ఆసుపత్రికి, చుట్టుపక్కల ఆసుపత్రులకు చేరారు. 2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రెండు ప్యాసింజర్ రైళ్లు ఢీకొన్నాయి. 2025 జూన్ 30న పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీ పేలి 40 మందికి పైగా చనిపోయారు. ఇలాంటి వార్త టీవీలో కనిపించిన క్షణాన వైద్యవృత్తిలో ఉన్నవాళ్లకు కాలు నిలవదు. "నాకు కట్టు కట్టడం వచ్చు, సెలైన్ ఎక్కించడం వచ్చు, ఇంట్లో కూర్చుని ఏం చేస్తున్నాను?" అనిపిస్తుంది.

అనిపించడం మంచిదే. కానీ బండి తీసే ముందు ఒకటే ప్రశ్న వేసుకోవాలి: నేను వెళ్లే చోట నా పేరు ఎవరి దగ్గరైనా ఉందా? ఉంటే వెళ్లాలి. లేకపోతే వెళ్లకూడదు. మాట కటువుగా ఉన్నా, పెద్ద ప్రమాదాలను చూసిన అత్యవసర విభాగాల వాళ్లు మొదట చెప్పేది ఇదే. ఆ రోజున జాలిగుండెలకు కొరత ఉండదు. ఫలానా పని వచ్చునని ముందే తెలిసిన మనిషికే కొరత. అలాంటి మనిషిగా తయారవడానికి ఏం చేయాలో చూద్దాం.

పిలవకుండా వెళ్తే ఏమవుతుంది

1995 ఏప్రిల్ 19న అమెరికాలోని ఓక్లహోమా సిటీలో ప్రభుత్వ భవనాన్ని పేల్చేశారు. వార్త విని సాయానికి పరుగెత్తిన ఒక నర్సు తలకు శిథిలాలు తగిలి, నాలుగు రోజుల తర్వాత చనిపోయింది. మృతుల సంఖ్య 168 అని చెప్పేటప్పుడు ఆమెనూ కలిపే లెక్కిస్తారు. 2001 సెప్టెంబరు 11 తర్వాత న్యూయార్క్‌కు వైద్యులు, నర్సులు తండోపతండాలుగా తరలివెళ్లారు. ఎవరు నిజంగా డాక్టరు, ఎవరి లైసెన్సు చెల్లుతుంది, ఎవరికి ఏ పని వచ్చు అన్నది అక్కడికక్కడ తేల్చే దారి లేక చాలామందిని వాడుకోలేకపోయారు. ఆ అనుభవంతోనే 2002లో అమెరికా ప్రభుత్వం మెడికల్ రిజర్వ్ కోర్ పెట్టింది. ప్రమాదం జరగకముందే వైద్య స్వచ్ఛంద సేవకుల పేర్లు నమోదు చేసుకుని, లైసెన్సులు సరిచూసి, శిక్షణ ఇచ్చి ఉంచుకోవడం దాని పని. అక్కడ ఉంటున్న తెలుగు డాక్టర్లు, నర్సులు తమ ప్రాంతపు యూనిట్‌లో ఇప్పుడే చేరవచ్చు.

2010 జనవరిలో హైతీ భూకంపం తర్వాతా ఇదే కథ. విదేశీ వైద్య బృందాలు చాలా వచ్చాయి గానీ కొన్నింటికి తమ తిండి, నీళ్లు, పడక కూడా తమ దగ్గర లేవు. అవి బాధితులకు ఆసరా కావాల్సింది పోయి, అక్కడివారికే భారమయ్యాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ తర్వాత విదేశీ వైద్య బృందాలకు స్థాయిలు, కనీస ప్రమాణాలు నిర్ణయించింది. మీ తిండి, మీ నీళ్లు, మీ నిద్ర మీరే చూసుకోగలగడం వాటిలో ముఖ్యమైనది.

ప్రాణభయం సంగతీ మరవకూడదు. 2007 ఆగస్టు 25న హైదరాబాద్ లుంబినీ పార్కులో, కోఠీ గోకుల్ చాట్ దగ్గర బాంబులు పేలిన రాత్రే దిల్‌సుఖ్‌నగర్‌లో పేలని బాంబు ఒకటి దొరికింది. పేలుడు జరిగిన చోట రెండోది ఉండొచ్చు, గ్యాస్ లీకైన చోట గాలి మళ్లవచ్చు, కూలిన గోడ పక్క గోడ కూలవచ్చు. అక్కడికి వెళ్లాల్సింది అగ్నిమాపక దళం, ఎన్‌డీఆర్‌ఎఫ్, 108 సిబ్బంది. వైద్య వాలంటీరు చోటు దాదాపు ఎప్పుడూ ఆసుపత్రిలోనో, పోలీసులు గీసిన గీతకు ఇవతలి క్యాంపులోనో ఉంటుంది.

పేరు ఎక్కడ రాయించుకోవాలి

మన చట్టంలో దీనికి అధికారి ఉన్నారు. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే అధ్యక్షుడు. జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి కార్యాలయం వైద్యం సంగతి చూస్తుంది. మూకుమ్మడి క్షతగాత్రుల నిర్వహణ ఎలా ఉండాలో 2007లోనే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. ఇవన్నీ కాగితం మీద ఉన్నవే. వాటిలో మీ పేరు ఉండాలంటే మీరే వెళ్లి తలుపు తట్టాలి. ఎక్కడెక్కడో చూడండి.

మొదటిది, మీరు పనిచేసే ఆసుపత్రి. చాలామందికి ఇది గుర్తే రాదు. మీ ఆసుపత్రి విపత్తు ప్రణాళికలో మీ పాత్ర ఏమిటో నర్సింగ్ సూపరింటెండెంటునో ఆర్‌ఎంఓనో అడగండి. "ప్రణాళిక ఉంది, ఫైల్లో ఉంది" అంటే ఆ ఫైలు ఒకసారి చూపించమనండి. అందులో మీ డిపార్ట్‌మెంట్ పేరే లేకపోతే చేర్చమని రాసివ్వండి.

రెండోది, రెడ్‌క్రాస్ జిల్లా శాఖ. రక్తనిధి, ప్రథమ చికిత్స శిక్షణ, తుపాను సహాయ పనులు అన్నీ అక్కడ కలుస్తాయి. మూడోది, మీ వృత్తి సంఘం: ఐఎంఏ శాఖ, నర్సుల సంఘం, ఫార్మసిస్టుల సంఘం. విడివిడిగా వెళ్లే పదిమంది కంటే సంఘం పంపిన పదిమంది జాబితాను అధికారులు త్వరగా నమ్ముతారు. నాలుగోది, జాతర, పుష్కరాల వైద్య శిబిరాలు. వీటి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి.

2013 ఏప్రిల్ 15న బోస్టన్ మారథాన్ ముగింపు రేఖ దగ్గర రెండు బాంబులు పేలాయి. అక్కడికక్కడే ముగ్గురు చనిపోయారు, 260 మందికి పైగా గాయపడ్డారు. ప్రాణంతో ఆసుపత్రికి చేరిన ప్రతి ఒక్కరూ బతికారు. దానికి కారణాలు చాలా ఉన్నా, ఒకటి మనకు పనికొస్తుంది: ముగింపు రేఖ దగ్గరే వైద్య శిబిరం, అందులో వాలంటీరు డాక్టర్లు, నర్సులు ముందే ఉన్నారు. వాళ్లు వచ్చింది కాళ్లు పట్టేసిన పరుగువీరులకు, నీరసించినవారికి సాయపడటానికి. కానీ ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎవరి మాట వినాలి, ఏ ఆసుపత్రికి ఎటు వెళ్లాలి అన్నవి అప్పటికే ఖాయమై ఉన్నాయి. బాంబు పేలాక పని మారింది, వరస మారలేదు.

మనకు అలాంటి చోట్లు తక్కువేం కాదు. 2015 జులై 14న గోదావరి పుష్కరాల మొదటి రోజే రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో జరిగిన తొక్కిసలాటలో కనీసం 27 మంది చనిపోయారు. మళ్లీ గోదావరి పుష్కరాలు 2027లో ఉన్నాయి, కృష్ణా పుష్కరాలు ఆ తర్వాతి ఏడాది. రెండేళ్లకోసారి మేడారం జాతర. తేదీ ముందే తెలిసిన ఇలాంటి చోట వైద్య శిబిరంలో రెండు రోజులు డ్యూటీ చేయడం కంటే మంచి శిక్షణ దొరకదు. వడదెబ్బలు, షుగర్ పడిపోవడాలు, తప్పిపోయిన ముసలివాళ్లు, జనంలోంచి స్ట్రెచర్ బయటికి తీయడం అన్నీ అక్కడ చేతికి తెలుస్తాయి.

ఒక జాగ్రత్త. ఆసక్తి కొద్దీ నాలుగు జాబితాల్లో పేరు రాయించుకోకండి. మీ ఆసుపత్రి మిమ్మల్ని నమ్ముకుంటుంది, రెడ్‌క్రాసూ నమ్ముకుంటుంది, సంఘమూ నమ్ముకుంటుంది. ఆ రోజు ముగ్గురికీ కలిపి ఉన్నది ఒక్కరే. మీ ఉద్యోగమే మిమ్మల్ని పిలిచే అవకాశం ఉంటే మిగతా చోట్ల ఆ సంగతి ముందే చెప్పండి. ప్రభుత్వ ఉద్యోగులైతే మీ డ్యూటీ మీ హెడ్‌క్వార్టర్స్‌లోనే. దాన్ని వదిలి ఇంకోచోట చేసేది సేవ అనిపించుకోదు.

కాగితాలు, అనుమతులు

ఒక ప్లాస్టిక్ కవరులో ఇవి పెట్టుకోండి: కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కాపీ (రెన్యూవల్ గడువు చూసుకుని), ఆసుపత్రి గుర్తింపు కార్డు, ఆధార్ కాపీ, హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాల వివరాలు, మీ రక్తం గ్రూపు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు కాగితం మీద రాసి. ఫోన్‌లో ఫోటోలు ఉన్నాయి కదా అనుకోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకాక సెల్‌ఫోన్లు మూగబోయాయి, కరెంటు రోజుల తరబడి లేదు.

ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసేవాళ్లు యాజమాన్యం దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోండి. నోటిమాట ఆ రోజు నిలబడదు. మూడు విషయాలు అందులో ఉండేలా చూడండి: పిలుపు వస్తే ఎన్ని రోజులు వదులుతారు, ఆ రోజులు సెలవు కింద వస్తాయా డ్యూటీ కిందా, తిరిగి వచ్చాక ఒక రోజు విశ్రాంతి ఇస్తారా. హెచ్‌ఆర్ వాళ్లను అడిగేటప్పుడు సేవాభావం మీద ఉపన్యాసం వద్దు. "మన ఆసుపత్రికీ ఇలాంటి రోజు రావచ్చు, శిక్షణ పొందిన మనిషి ఇక్కడే ఉంటాడు" అని చెప్పండి, వాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

ఇండెమ్నిటీ పాలసీ ఉంటే అది మీ ఆసుపత్రి గోడల బయట చేసే పనికీ వర్తిస్తుందా అని బీమా కంపెనీని అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షను మంచి మనసుతో సాయపడేవారికి రక్షణ ఇస్తుంది. కానీ అది మోటారు వాహన ప్రమాదాల బాధితులకు చేసే సాయం గురించి. ఫ్యాక్టరీ పేలుడుకూ తొక్కిసలాటకూ అదే అక్కరకు వస్తుందని అనుకోకండి. ఒక సంస్థ తరఫున, ఒక అధికారి చెప్పిన పని చేస్తున్నారని కాగితం మీద ఉండటమే మీకు అసలైన అండ.

విదేశాల్లో ఉండే మన డాక్టర్లకు ఒక మాట. తుపాను వార్త విని టికెట్ కొనేముందు, ఇక్కడి కౌన్సిల్ రిజిస్ట్రేషన్ మీకు ఇప్పటికీ ఉందో లేదో చూసుకోండి. అది లేకుండా ఇక్కడ వైద్యం చేయకూడదు.

మీ పని ఏదో తేల్చుకోండి

పెద్ద ప్రమాదం అనగానే అందరి ఊహలోనూ ఆపరేషన్ థియేటరే ఉంటుంది. కానీ ఆసుపత్రి ఆ రాత్రి ఇబ్బంది పడేది ఎక్కువగా చిన్న పనుల దగ్గర. కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమిటని ఆలోచించే ముందు, రోజూ చేసే పనిలో ఏది అక్కడికి పనికొస్తుందో చూడండి.

వార్డు నర్సులకు కాన్యులా పెట్టడం, నొప్పి మందు వేళ తప్పకుండా ఇవ్వడం, బీపీ పడిపోతున్నవాళ్లను ముందే కనిపెట్టడం అలవాటే. ఐసీయూలోంచి నిలకడగా ఉన్నవాళ్లను వార్డుకు మార్చి పడకలు ఖాళీ చేయగలిగేదీ వాళ్లే. చర్మవైద్యులు, కంటి డాక్టర్లు, దంతవైద్యులు చిన్న గాయాల విభాగాన్ని మొత్తం భుజాన వేసుకోగలరు. కుట్లు, కట్లు, ధనుర్వాతం ఇంజెక్షన్లు, డిశ్చార్జి రాతలు. ఫార్మసిస్టు స్టాకు లెక్క చూసి, సెలైన్ ఎన్ని గంటలకు సరిపోతుందో సూపరింటెండెంటుకు చెప్పగలిగితే అది ఒక డాక్టరు చేసే పనికి తీసిపోదు. ల్యాబ్ టెక్నీషియన్ రక్తం గ్రూపు, క్రాస్‌మ్యాచ్ దగ్గర. మెడికల్ రికార్డుల సిబ్బంది పేరు తెలియని రోగులకు నంబర్లు ఇచ్చి, ఆ నంబరు చేతికీ కేస్‌షీటుకూ ఎక్స్‌రేకూ ఒకటే ఉండేలా చూడటం దగ్గర. ఆ ఒక్క నంబరు తారుమారైతే ఒకరి రక్తం ఇంకొకరికి ఎక్కే ప్రమాదం ఉంది.

డయాలసిస్ టెక్నీషియన్లకు తమ అవసరం ఎంతో తరచుగా తెలియదు. 1988 ఆర్మేనియా భూకంపంలో శిథిలాల కింద కండరాలు నలిగి, తర్వాత కిడ్నీలు ఆగిపోయి చనిపోయినవాళ్లను చూశాకే అంతర్జాతీయ నెఫ్రాలజీ సొసైటీ విపత్తుల కోసం ప్రత్యేక బృందం పెట్టింది. నలిగిన కాలి మీంచి బరువు తీసేలోపే సెలైన్ మొదలుపెట్టాలని, పొటాషియం ఉన్న ద్రవాలు ఇవ్వకూడదని, ఈసీజీ మీద కన్ను వేయాలని ఆ అనుభవం నేర్పింది. భవనం కూలినా, బస్సు కింద చిక్కుకున్నా ఇదే సూత్రం.

రిటైరైనవాళ్లు, నర్సింగ్, మెడికల్ విద్యార్థులు కూడా పనికొస్తారు. విద్యార్థులు ఎప్పుడూ ఒకరి పర్యవేక్షణలోనే ఉండాలి. రిటైరైన సీనియర్ సిస్టర్ బాధితుల బంధువుల కోసం వేసిన బల్ల దగ్గర కూర్చుని, పేర్లు రాసుకుని, నిజమేదో తెలిశాకే మెల్లగా చెప్పగలరు. ఆ బల్ల దగ్గర అనుభవమే అక్కరకు వస్తుంది.

నాలుగు రంగులు చేతికి రావాలి

ట్రయాజ్, అంటే ఎవరికి ముందు వైద్యం అందాలో రంగులతో వరస కట్టడం, చదివితే వచ్చేది కాదు, చేసి చూస్తే వచ్చేది. 1983లో కాలిఫోర్నియా న్యూపోర్ట్ బీచ్‌లో రూపొందిన స్టార్ట్ పద్ధతి నేటికీ చాలాచోట్ల మొదటి పాఠం. ఒక్కో మనిషి మీద నిమిషానికి మించి ఆగకూడదు. వరస ఇది:

నడవగలిగినవాళ్లందరినీ ఒక చోటికి రమ్మని కేకవేయండి. వచ్చినవాళ్లకు ఆకుపచ్చ. మిగిలినవాళ్లలో ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లండి.

ఊపిరి ఉందా? లేకపోతే తల వెనక్కి వంచి, గడ్డం ఎత్తి దారి తెరవండి. అప్పుడు ఊపిరి వస్తే ఎరుపు. అప్పటికీ రాకపోతే నలుపు.

ఊపిరి నిమిషానికి 30 కంటే ఎక్కువా? అయితే ఎరుపు.

మణికట్టు దగ్గర నాడి అందడం లేదా, గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి రెండు సెకన్లకు మించి పడుతోందా? ఎరుపు. రక్తం ధారగా పోతుంటే అక్కడికక్కడే ఆపించండి.

"చెయ్యి ఎత్తండి" అంటే ఎత్తలేకపోతున్నారా? ఎరుపు. ఇవన్నీ సరిగా ఉండి నడవలేని వాళ్లకు పసుపు.

చిన్న పిల్లలకు కొంచెం తేడా. దారి తెరిచినా ఊపిరి రాకపోతే, నాడి ఉంటే ఐదుసార్లు ఊపిరి ఊది చూడాలి. పిల్లల్లో ఊపిరి ముందు ఆగుతుంది, గుండె తర్వాత.

ఇందులో కష్టమైనది నలుపు. మామూలు రోజు క్యాజువాలిటీలో మీరు వదలరు. గుండె నొక్కుతూనే ఉంటారు. ఇరవై మంది నేలమీద ఉన్నప్పుడు ఒకరి మీద పది నిమిషాలు నొక్కితే, పక్కన రక్తం పోతున్న ముగ్గురు చనిపోతారు. ఈ నిర్ణయం తీసుకోవడం ఆ క్షణాన నేర్చుకోలేం. నలుపు అంటే శాశ్వత తీర్పు కాదు, వరసలో చివర అని గుర్తుంచుకోండి. సాయం పెరిగాక మళ్లీ చూస్తారు. ఎరుపు పసుపవుతుంది, పసుపు ఎరుపవుతుంది. రంగు కట్టిన ప్రతివాళ్లనూ మళ్లీ మళ్లీ చూడాలి.

సాధన సులువే. ఒక్కో పోస్టుకార్డు మీద ఒక్కో రోగి వివరాలు రాయండి: "వయసు 30, నడవలేడు, ఊపిరి 36, నాడి ఉంది, మాట వింటున్నాడు". ఇరవై కార్డులు కలిపి, గడియారం పెట్టుకుని, డ్యూటీ మారే వేళ ఇద్దరు ముగ్గురు కలిసి రంగులు చెప్పండి. ఎవరు ఎక్కడ తప్పారో అప్పుడే మాట్లాడుకోండి.

రక్తం ఆపే పనికీ చేతి అలవాటు కావాలి. ముందు గట్టిగా నొక్కడం. గజ్జల్లో, చంకలో లోతు గాయమైతే గుడ్డ లోపలికి కుక్కి నొక్కడం. చెయ్యో కాలో చితికి ధారగా పోతుంటే టూర్నికే: గాయానికి ఐదు నుంచి ఏడు సెంటీమీటర్ల పైన, కీలు మీద కాకుండా, రక్తం ఆగేదాకా బిగించి, బిగించిన సమయం రాయాలి. నొప్పికి రోగి అరుస్తాడు, అయినా వదులు చేయకూడదు. బోస్టన్‌లో అప్పటికప్పుడు బెల్టులతో, గుడ్డలతో కట్టిన కట్లలో చాలావరకు సరిగా బిగవలేదు. అందుకే అసలైన టూర్నికేతో ఒకసారైనా స్నేహితుడి కాలికి కట్టి చూడండి.

ఫ్యాక్టరీలు ఉన్న ఊళ్లలో

పరవాడ, అచ్యుతాపురం, పటాన్‌చెరు, జీడిమెట్ల పరిసరాల్లో పనిచేసేవాళ్లకు రసాయన ప్రమాదం దూరపు మాట కాదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఒక్క ఫార్మా ఫ్యాక్టరీలో 17 మంది చనిపోయారు. భోపాల్‌లో 1984 డిసెంబరు 2 రాత్రి ఆసుపత్రికి వేలమంది వచ్చినా, పీల్చింది ఏ వాయువో, దానికి మందు ఏమిటో స్పష్టంగా తెలియకుండానే డాక్టర్లు వైద్యం చేయాల్సి వచ్చింది.

కాబట్టి మీ ఆసుపత్రికి పది కిలోమీటర్ల లోపల ఏ రసాయనాలు నిల్వ ఉంటాయో ఇప్పుడే తెలుసుకోండి. ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసరును అడిగితే ఒక్కో రసాయనానికి భద్రతా పత్రం ఇస్తారు. వాటిని క్యాజువాలిటీలో ఒక ఫైల్లో పెట్టించండి. గ్యాస్ తగిలినవాళ్లు వస్తే తలుపు బయటే బట్టలు తీయించి, నీళ్లతో కడిగి, తర్వాతే లోపలికి. బట్టలు తీస్తేనే ఒంటి మీది రసాయనం చాలా భాగం పోతుంది. లోపలికి తెచ్చాక కడుగుదామనుకుంటే, ఆవిరి క్యాజువాలిటీని మూసేయించవచ్చు. ఆడవాళ్లకు చాటుగా మార్చుకునే చోటు, మార్చుకోవడానికి పాత నైటీలు, లుంగీలు సిద్ధంగా ఉండాలి. చాటు లేకపోతే ఎవరూ బట్టలు తీయరు.

ఫోన్ వచ్చిన రోజు

ఆసుపత్రికి ముందు వచ్చేది తీవ్రంగా గాయపడినవాళ్లు కాదు. ఆటోల్లో, బైకుల వెనక, నడిచి వచ్చే చిన్న గాయాలవాళ్లు. అంబులెన్సులు తెచ్చే బరువైన కేసులు ఆ తర్వాత వస్తాయి. ఇది తెలియని ఆసుపత్రి మొదటి అరగంటలోనే పడకలన్నీ నింపేసుకుంటుంది. ఆకుపచ్చ వాళ్లకు వేరే చోటు, వీలైతే ఓపీ బ్లాకులో, చూపించమని గుర్తు చేయడం వాలంటీరు చేయగలిగే మొదటి మంచి పని.

పిలుపు రాగానే మూడు అడగండి: ఎక్కడ రిపోర్టు చేయాలి, ఎవరికి, ఎన్ని గంటలకు. నేరుగా క్యాజువాలిటీలోకి దూరకండి. వాలంటీర్ల బల్ల దగ్గర పేరు రాయించుకుని, కార్డు వేసుకుని, మీ పైన ఎవరో తెలుసుకోండి. అప్పగించిన పని అయ్యాక ఇంకో పని మీరే వెతుక్కోకండి, ఆ మనిషి దగ్గరికే తిరిగి వెళ్లండి. బయటికి వెళ్లేటప్పుడు కూడా పేరు రాయించాలి. లేకపోతే మీ కోసం వెతికే పని ఇంకొకరికి పడుతుంది.

సంచిలో ఇవి చాలు: గ్లోవ్స్, మాస్కులు, కళ్లద్దాలు, టార్చి, మార్కరు పెన్నులు, కత్తెర, ఒక పూట తిండి, రెండు లీటర్ల నీళ్లు, మీరు రోజూ వేసుకునే బీపీ, షుగర్ మాత్రలు, కొంచెం చిల్లర. ఇంట్లో పిల్లలను, పెద్దవాళ్లను ఎవరు చూస్తారో ముందే మాట్లాడుకుని ఉండాలి. ఆ ఏర్పాటు లేనివాళ్లు ఒంటితో అక్కడుంటారు, మనసుతో ఇంట్లో ఉంటారు.

ఫోటోలు తీయొద్దు, వాట్సాప్‌లో పెట్టొద్దు. గాయపడినవాళ్ల ముఖం ఒక బంధువుకు మొదటిసారి మీ స్టేటస్‌లో కనిపించకూడదు. విలేకరులు అడిగితే "అధికారిని అడగండి" అనండి, అంతే. మృతుల దగ్గర దొరికిన వస్తువులు, బట్టలు, సెల్‌ఫోన్లు పోలీసుల ముందే కవరులో పెట్టి నంబరు వేయండి. ఇవన్నీ మెడికో లీగల్ కేసులే.

పన్నెండు గంటలు దాటితే ఆగండి. అలసిన చేయి మందు మోతాదు తప్పుతుంది. ఇంటికి వచ్చాక రెండు మూడు రోజులు నిద్ర పట్టకపోవడం, ఆ దృశ్యాలే కళ్ల ముందు ఆడటం మామూలే. వారాలు గడిచినా తగ్గకపోతే, పని మీద విసుగు, తాగుడు మొదలైతే, 14416కు ఫోన్ చేయండి. టెలి-మానస్ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఫోన్ రాకపోతే

ఎక్కువమందికి ఆ రోజు ఫోన్ రాదు. వాళ్లకూ పని ఉంది. మీ సహోద్యోగి పిలుపు అందుకుని వెళ్తే, ఆ రాత్రి డ్యూటీ మీరు తీసుకోండి. మామూలు గుండెపోటు, మామూలు కాన్పు ఆ రోజూ ఆగవు. రక్తం ఇవ్వాలనిపిస్తే వెంటనే బ్లడ్ బ్యాంకు దగ్గర బారులు తీరకండి. ఆ రాత్రి ఎక్కించే రక్తం దాదాపు అంతా అంతకుముందే ఇచ్చి, పరీక్షించి, షెల్ఫులో ఉన్నది. అడిగితే ఇవ్వండి, లేకపోతే రెండు వారాలాగి, షెల్ఫులు ఖాళీ అయ్యాక వెళ్లండి. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వవచ్చు. అలా క్రమం తప్పకుండా ఇచ్చేవాళ్లే వచ్చే ప్రమాదానికి ముందే సాయపడినవాళ్లు.

ఈ వారం ఒక్క పని చేయండి. మీ సూపరింటెండెంటు దగ్గరికి వెళ్లి, విపత్తు ప్రణాళికలో నా పేరు ఏ పని ఎదురుగా ఉందని అడగండి. జవాబు లేకపోతే, మీరే ఒక పని పేరు చెప్పి, దాని పక్కన మీ ఫోన్ నంబరు రాయించి రండి.